మందుకూ జబ్బుకూ జత

"ఈ క్రింది వానిని జతపరచుము" అన్న ప్రశ్న ఇరవై ఏళ్ళుగా నేను తెలుగు పరీక్షల్లో ఇస్తూనే ఉన్నాను. ఎడమవైపు కవులు, కుడివైపు కావ్యాలు. గీత తప్పితే పిల్లవాడికి ఒక మార్కు పోతుంది, అంతే. కాని గీత తప్పితే ప్రాణం మీదికి వచ్చే జతలు కూడా ఉన్నాయని మొన్న సంక్రాంతి సెలవుల్లో మా తమ్ముడి కూతురు నాకు నేర్పింది.

అమ్మాయి నర్సింగు రెండో సంవత్సరం చదువుతున్నది. మా ఇంటికి వస్తూ వస్తూ ఒక పట్టిక వెంట తెచ్చుకున్నది. ఎడమవైపు మందులు, కుడివైపు జబ్బులు.

"ఇన్ని పేర్లు ఎట్లా గుర్తుంటాయే?" అన్నాను.

"పేరు చివర చూడాలి, పెదనాన్నా. మీ ప్రత్యయాల వంటివే!" అన్నది.

నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచి మందులకు అంతర్జాతీయ నామాల జాబితాలు ప్రకటిస్తున్నది. ఒక కుటుంబానికి చెందిన మందుల పేర్లలో ఒకే తునక ఉండటం ఆ పద్ధతిలోని సౌకర్యం. ఎనలాప్రిల్, రామిప్రిల్ రక్తపోటుకు, గుండె బలహీనతకు ఇచ్చేవి. లోసార్టన్, టెల్మిసార్టన్ వాటికి దాయాదులు. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ కొలెస్టరాల్ తగ్గించేవి. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గించేవి. అమాక్సిసిలిన్ పెన్సిలిన్ వంశానిది. పెన్సిలిన్ పడనివారికి అదీ పడకపోవచ్చు.

వ్యాకరణంలో వలెనే ఇక్కడా అపవాదాలున్నవి. నిస్టాటిన్ అనే మందుకు కొలెస్టరాల్‌తో సంబంధమే లేదు. నోటిలో తెల్లగా పట్టే బూజుజాతి పూతకు అది మందు. 1950లో దానిని లోకానికి తెలిపిన ఇద్దరు అమెరికా పరిశోధకురాళ్ళు తమ న్యూయార్కు స్టేటు పేరు కలిపి అట్లా పిలిచారు.

అటెనొలాల్, సాల్బుటమాల్, పారాసిటమాల్ - చెవికి మూడింటిదీ ఒకటే అంత్యప్రాస. మొదటిది రక్తపోటుకు, రెండవది ఉబ్బసానికి, మూడవది జ్వరానికి, నొప్పులకు. సాల్బుటమాల్ ఊపిరి గొట్టాలను వదులు చేస్తుంది. అటెనొలాల్ వంశపు మందులు ఉబ్బసం ఉన్నవారికి వాటిని ఇంకా బిగించవచ్చు. ప్రాస చూసి మోసపోతే ఏమవుతుందో చూడండి!

"సరే, తునక పట్టుకుంటే గీత గీసినట్లేగా?" అన్నాను.

"ఒక్క గీతతో సరిపోదు, పెదనాన్నా" అన్నది. ప్రొప్రనొలాల్ రక్తపోటుకే కాదు, పార్శ్వపు తలనొప్పి మళ్ళీ మళ్ళీ రాకుండానూ, చేతుల వణుకు తగ్గటానికీ ఇస్తారట. మెట్‌ఫార్మిన్ మధుమేహానికి వాడేదే. అండాశయాల్లో నీటిబుడగల సమస్య ఉన్న ఆడవారికీ ఇస్తారు. బిళ్ళ చూసి జబ్బు చెప్పేస్తే పొరపాటన్నమాట.

ఈ మాటల మధ్య అమ్మాయి నాయనమ్మ మందుల డబ్బా తెరిచింది. లెక్క చూసి, "నాయనమ్మా, ఈ ఆస్పిరిన్ వేసుకోవటం లేదా?" అని అడిగింది.

"అది తలనొప్పి బిళ్ళటగదే! ఎదురింటావిడ చెప్పింది. నాకు తలనొప్పే లేదాయె, ఎందుకని మానేశాను. నాలుగు రోజులైంది" అన్నది మా అమ్మ, ఏదో పొదుపు చేసినట్లు.

అమ్మాయి ముఖం తెల్లబోయింది. మా అమ్మకు గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. ఆ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నొప్పికి కాదు, అక్కడ నెత్తురు గడ్డకట్టకుండా కాపలా కాయటానికి. వెంటనే డాక్టరుగారికి ఫోను చేశాం. ఆయన మందలించి, మళ్ళీ మొదలుపెట్టమన్నారు. అదృష్టవశాత్తు ఏమీ కాలేదు.

ఎదురింటావిడ చెప్పినదీ అబద్ధం కాదు. పెద్ద మోతాదులో ఆస్పిరిన్ తలనొప్పి బిళ్ళే. ఆమె జత సరైనదే, మనిషే వేరు! అట్టమీద మందు పేరుంటుంది గాని, మనకు అది ఎందుకిచ్చారో ఉండదు. అది డాక్టరుగారిని మనమే అడిగి తెలుసుకోవాలి. ఆసుపత్రిలో నర్సమ్మ "ఈ మందు దేనికి వాడుతున్నారు?" అంటే, మన చీటీ చూడలేదేమని విసుక్కోకండి. ఆమె రెండో గీతను వెతుకుతున్నది.

వెళ్ళేముందు అమ్మాయి డబ్బా మూతకు లోపల ఒక కాగితం అంటించింది. ఒక్కొక్క మందు పేరు, ఎదురుగా అది ఎందుకో పెద్ద అక్షరాలతో తెలుగులో వ్రాసింది. ఆస్పిరిన్ ఎదుట, "గుండెకు. డాక్టరుగారు చెప్పనిదే మానరాదు" అని ఉన్నది.

మా అమ్మ రోజూ ఆ కాగితం చదువుకుని మరీ బిళ్ళ వేసుకుంటున్నది.