‘అందరూ సమానమే’ అని రాసుకున్న దేశం ఎందుకు చీలింది?



డల్లాస్, న్యూజెర్సీ పేర్లు మన పిల్లల్లో చాలామందికి పక్క ఊళ్ల పేర్లంత అలవాటు. అమెరికా చరిత్ర మొదలుపెట్టగానే వాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: “మనుషులంతా సమానమే అని 1776లో రాసుకున్నారు కదా టీచర్, మరి బానిసలు ఎందుకున్నారు?” ఇదే ప్రశ్న రేపు ఇంట్లో మిమ్మల్నీ అడగవచ్చు.

కథ 1607లో వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో మొదలవుతుంది. ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లు బంగారం వెతికారు, దొరకలేదు. పొగాకు మాత్రం బాగా పండింది. అది ఖాళీ నేల కాదు. పౌహటాన్ ప్రజలు అప్పటికే అక్కడ మొక్కజొన్న పండించుకుంటున్నారు. పొగాకు తోటలకు పనివాళ్లు కావాలి. 1619లో ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను ఓడలో తెచ్చి అక్కడ అమ్మారు. ఆ మరుసటి ఏడాదే మేఫ్లవర్ ఓడ ఉత్తరాన ప్లిమత్ చేరింది. పిల్లల పుస్తకాల్లో బొమ్మలన్నీ ఈ రెండో ఓడకే ఉంటాయి!

తర్వాతి కథ మీకు కొంత తెలిసిందే. పన్నుల గొడవ ముదిరి 1773లో బోస్టన్ రేవులో 342 పెట్టెల టీ సముద్రం పాలైంది. ఆ టీ మన దేశాన్ని ఏలిన ఈస్టిండియా కంపెనీదే. 1781లో యార్క్‌టౌన్‌లో ఓడిపోయిన సేనాని కార్న్‌వాలిస్ ఆ తర్వాత గవర్నర్ జనరల్‌గా ఇక్కడికే వచ్చాడు. 1793లో బెంగాల్‌లో అతను పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి కొన్నేళ్లకు మన సర్కారు జిల్లాలకూ పాకింది.

అసలు ముడి 1787లో, రాజ్యాంగం రాసేటప్పుడు పడింది. జనాభాను బట్టి సభలో సీట్లు. బానిసలను లెక్కలో కలపాలని దక్షిణ రాష్ట్రాలు, కూడదని ఉత్తరాదివాళ్లు. చివరికి అయిదుగురిని ముగ్గురిగా లెక్కించాలని రాజీపడ్డారు. ఇది మీ పిల్లలతో లెక్కగా చేయించండి: ఒక రాష్ట్రంలో 5 లక్షల మంది బానిసలుంటే లెక్కలో 3 లక్షలు. ఓటు మాత్రం ఒక్కరికీ లేదు. వాళ్ల పేరున వచ్చిన అదనపు సీట్లలో కూర్చునేది వాళ్ల యజమానుల ప్రతినిధులే.

అప్పట్లో చాలామంది బానిసత్వం నెమ్మదిగా అదే పోతుందనుకున్నారు. 1793లో ఎలీ విట్నీ పత్తి నుంచి గింజలు తీసే యంత్రం తయారుచేశాడు. గుంటూరు, ఆదిలాబాద్ వైపు జిన్నింగ్ మిల్లులు చూసినవాళ్లకు దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు. యంత్రం వస్తే మనిషికి పని తగ్గాలి కదా? ఇక్కడ తిరగబడింది. గింజ తీయడం సులువయ్యేసరికి పత్తి సాగు విపరీతంగా పెరిగింది, ఏరే చేతులకు గిరాకీ పెరిగింది. 1790లో సుమారు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి దాదాపు 40 లక్షలయ్యారు. విదేశాల నుంచి తేవడాన్ని 1808లోనే నిషేధించారు కాబట్టి వర్జీనియా లాంటి చోట్ల నుంచి మిసిసిపీ పత్తి చేలకు అమ్మేవారు. తల్లిని ఒకరికి, బిడ్డను ఇంకొకరికి అమ్మినా అడిగే చట్టం చాలాచోట్ల లేదు. పాఠంలో ఈ భాగం దగ్గర నేను కాస్త ఎక్కువసేపే ఆగుతాను.

ఇక కొత్త రాష్ట్రం చేరిన ప్రతిసారీ తగవే. 1820లో మిస్సోరీని బానిసలున్న రాష్ట్రంగా, మెయిన్‌ను లేని రాష్ట్రంగా చేర్చాలని రాజీపడి తూకం సరిచేశారు. 1857లో సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ కేసులో నల్లజాతివారు పౌరులే కారని తీర్పిచ్చింది. 1860లో లింకన్ గెలిచాడు. ఉన్నచోట బానిసత్వం జోలికి వెళ్లనని, కొత్త ప్రాంతాలకు మాత్రం పాకనివ్వనని అతని మాట. దక్షిణాదికి అదే చాలింది. డిసెంబర్ 20న దక్షిణ కరోలినా విడిపోయింది. చివరికి 11 రాష్ట్రాలు వెళ్లిపోయాయి. 1861 ఏప్రిల్ 12న ఫోర్ట్ సమ్టర్ మీద ఫిరంగులు పేలాయి.

మీ పిల్లలు నెట్‌లో వెతికితే, ఆ యుద్ధం కేవలం రాష్ట్రాల హక్కుల కోసమే జరిగిందనే వాదన కనబడుతుంది. అప్పుడు, 1861లో విడిపోతూ మిసిసిపీ రాష్ట్రం ఇచ్చిన ప్రకటనను చూపించండి. మొదట్లోనే, తమ నిర్ణయం బానిస వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని వాళ్లే చెప్పుకున్నారు.