గురువారం నీలం బిళ్ళ - ఎందుకు వేసుకోవాలి? ఎన్ని వేసుకోవాలి?

 

"ఆరోగ్యమే మహాభాగ్యము" అని మన భోజనశాల గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ప్రతి గురువారం దాని కిందనే నిలబెట్టి మనకు నీలం బిళ్ళలు పంచుతారు. కాని వెనక కిటికీ కింద ఎన్ని బిళ్ళలు పడి ఉంటాయో మీకందరికీ తెలుసు. కొందరు నాలుక కింద దాచుకుని బయటికెళ్ళి ఊసేస్తారు. "వాంతి వస్తది", "నల్లబడిపోతాం", "రేపు పిల్లలు పుట్టరంట" అని ఒకరు చెప్తే పదిమంది నమ్ముతారు. ఇంకో పక్క, నాలుగు వారాలవి దాచి ఒక్కసారే మింగితే ఎక్కువ బలం వస్తదనే వాళ్ళూ ఉన్నారు. రెండూ తప్పే. అందుకని సైన్సు మేడమ్ గారిని, ఏఎన్‌ఎం అక్కని అడిగి, లైబ్రరీలో చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. నిలబడి ఓపికగా చదవండి.

బిళ్ళలో ఏముంది?

రెండే ఉన్నాయి. ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములు. ఒక గ్రాములో వెయ్యో వంతు మిల్లీగ్రాము. దానిలో మళ్ళీ వెయ్యో వంతు మైక్రోగ్రాము. అంత కొంచెమే మన ఒంటికి కావాలి. ఇంతకుముందు మన వయసు వాళ్ళ బిళ్ళలో ఇనుము 100 మిల్లీగ్రాములు ఉండేది. 2018లో అనీమియా ముక్త్ భారత్ పథకం వచ్చాక 60 చేశారు. పదేళ్ళ నుంచి పందొమ్మిదేళ్ళ వాళ్ళకు నీలం బిళ్ళ వారానికి ఒకటి. చిన్న తరగతుల వాళ్ళకు గులాబి రంగు బిళ్ళ, అందులో మందు తక్కువ. గర్భిణీలకు ఎర్ర బిళ్ళ, అది రోజూ వేసుకోవాలి. రంగులు అందం కోసం కాదు, ఒకరిది ఒకరు మింగకుండా ఉండడానికి.

ఇనుము ఒంట్లో ఏం చేస్తుంది?

మన రక్తం ఎర్రగా ఉండేది హిమోగ్లోబిన్ వల్ల. అందులో ఇనుము ఉంటుంది. కావిడితో నీళ్ళు మోసినట్టు హిమోగ్లోబిన్ ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్ ఎత్తుకుని కాళ్ళకీ చేతులకీ మెదడుకీ మోసుకుపోతుంది. కావిళ్ళు తక్కువైతే నీళ్ళు అందవు కదా! అలాగే రక్తం తక్కువైతే మెట్లెక్కితే ఆయాసం, పొద్దున్నే నీరసం, కళ్ళు తిరగడం, పాఠం తలకెక్కకపోవడం. కనురెప్ప కిందికి లాగి చూస్తే ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉంటుంది.

ఇంకో గుర్తు చెప్తే మీరు నవ్వుతారు. బలపం తినడం, పచ్చి బియ్యం నమలడం, మట్టి వాసనకి నోరూరడం కూడా ఇనుము తక్కువైనందువల్ల కావచ్చు. కాబట్టి బలపాలు తినే పిల్లను తిట్టకండి. రక్తపరీక్షకు తీసుకెళ్ళండి.

మన వయసు ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉండాలి. 11 నుంచి 12 లోపు ఉంటే కొంచెం తక్కువ. 8 నుంచి 11 లోపు అయితే మధ్యరకం. 8 కన్నా తగ్గితే తీవ్రం, వెంటనే ఆస్పత్రికి పోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మన డార్మిటరీలో రెండు మంచాలు చూస్తే ఒక మంచం మీద పిల్లకు ఉన్నట్టే లెక్క.

ఎందుకు తగ్గుతుంది?

1. నెలసరి వల్ల ప్రతినెలా కొంత ఇనుము పోతుంది. అందుకే భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం పెద్ద మగవాళ్ళకు రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము చాలు, ఆడవాళ్ళకు 29 కావాలి. కాని మన ఇళ్ళలో కూర ఎవరికి ముందు వడ్డిస్తారో ఆలోచించండి.

2. కొంకి పురుగులు. ఇవి మట్టిలోంచి వట్టి పాదాల గుండా ఒంట్లోకి దూరి, పేగులకు అంటుకుని రక్తం తాగుతాయి. దొడ్డికి చెప్పుల్లేకుండా పోకూడదని అందుకే చెప్తారు. ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇచ్చే ఆల్బెండజోల్ బిళ్ళ వీటికోసమే. దాన్ని నమిలి మింగాలి.

3. మలేరియా. మన ఏజెన్సీ వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ క్రిమి ఎర్రకణాల్లోనే పెరిగి వాటిని పగలగొట్టి బయటికి వస్తుంది. దోమతెర కట్టుకోవడం కూడా రక్తం కాపాడుకోవడమే.

ఫోలిక్ ఆమ్లం కథ

కొత్త కణాలు పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దీని కథ బాగుంటుంది. లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ 1928లో బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీలకు ఒకరకం రక్తహీనత వచ్చి చనిపోతుంటే కారణం వెతికారు. ఈస్టు నుంచి తీసిన సారం తినిపిస్తే వాళ్ళు కోలుకుంటున్నారని 1931లో రాశారు. అందులో ఉన్నది ఏమిటో అప్పటికి తెలీదు. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో 1945లో దాన్ని తయారుచేశారు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బుకు కూడా ఫోలిక్ ఆమ్లం మందు అయింది. మిల్లు కూలి స్త్రీల కోసం మొదలైన వెతుకులాట, మన తెలుగాయన చేతి మీదుగా, మన చేతిలో బిళ్ళ అయింది. కిటికీలోంచి విసిరే ముందు ఇది గుర్తు తెచ్చుకోండి.

మా ఇంట్లో జరిగింది

మా ఇంట్లో చదవడం వచ్చింది నా ఒక్కదానికే. నా చిన్న తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు మా అమ్మకి ఎర్ర బిళ్ళలు ఇచ్చారు. రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు వేసుకోవాలి. కాని బిడ్డ బాగా లావైపోతే కాన్పు కాదని మా అవ్వ చెప్పింది. అమ్మ వాటిని చూరులో దాచింది. కాన్పు టైముకు రక్తం 6 ఉంది. అమ్మని జీపులో తీసుకెళ్ళారు, ఇద్దరు మామయ్యలు రక్తం ఇచ్చారు, బతికింది. సంక్రాంతి సెలవుల్లో చూరు సర్దుతుంటే ఆ అట్టలు దొరికాయి. ఒక్కటీ చింపలేదు. వెనక రాసింది నేను పైకి చదివితే అవ్వ, "ఇది ఎవరూ చదివి చెప్పలేదమ్మా" అంది. బిళ్ళ బిడ్డను లావు చెయ్యదు. తల్లికి రక్తం పట్టిస్తుంది, అంతే. మనం సెలవులకు ఇళ్ళకు పోయినప్పుడు అమ్మకి, వదినకి, పిన్నికి ఇది చదివి చెప్పాలి. మనం చెప్పకపోతే ఎవరు చెప్తారు?

ఎక్కువ వేసుకుంటే ఏమవుతుంది?

ఇది ముఖ్యం. ఎక్కువైన నీళ్ళను మన ఒళ్ళు మూత్రంగా పంపేస్తుంది. ఎక్కువైన ఇనుమును పంపే దారి మాత్రం ఒంట్లో లేదు. రోజుకు సుమారు ఒక మిల్లీగ్రామే బయటికి పోతుంది. అందుకే పేగుల దగ్గరే కాపలా ఉంది. కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను తయారుచేస్తుంది. ఒక బిళ్ళ మింగగానే అది పెరిగి దాదాపు ఒక రోజు పాటు పేగుల తలుపు దగ్గరగా వేస్తుంది. కాబట్టి నాలుగు బిళ్ళలు ఒకేసారి మింగితే నాలుగింతల బలం రాదు. కడుపులో మంట, వాంతులు మాత్రం వస్తాయి. రక్తం బాగా తక్కువున్నవాళ్ళకు డాక్టరు రోజూ వేసుకోమని కొన్ని నెలలు రాస్తారు. అది పరీక్ష చేసి రాసిన లెక్క. మన సొంత లెక్క కాదు.

చిన్నపిల్లల సంగతి వేరు. బిళ్ళ మీద తీపి పూత ఉంటుంది, చాక్లెట్ అనుకుంటారు. పది కిలోల బిడ్డ నాలుగు బిళ్ళలు మింగితే వాంతులు, కడుపునొప్పి, రక్త విరేచనాలు రావచ్చు. పది మింగితే ప్రాణానికే ముప్పు. ఇందులో మోసం ఏంటంటే, మొదట వాంతులయ్యాక కొన్ని గంటలు బిడ్డ బాగున్నట్టు కనిపిస్తుంది, తర్వాత ఒక్కసారిగా విషమిస్తుంది. కాబట్టి "తగ్గిందిలే" అని ఇంట్లో కూర్చోకూడదు. ఖాళీ అట్ట చేత్తో పట్టుకుని వెంటనే ఆస్పత్రికి పోవాలి. ఇళ్ళలో బిళ్ళలు పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి.

విటమిన్లు కూడా ఇంతే. "విటమినే కదా, ఎక్కువైతే మంచిదే" అనుకోకూడదు. విటమిన్ డి ఎముకలకు మంచిది, ఎండ తగిలితే మన చర్మమే తయారుచేసుకుంటుంది. ఎండ తక్కువ తగిలే వాళ్ళకు కూడా రోజుకు 600 యూనిట్లు చాలని లెక్క. లోపం ఉన్నవాళ్ళకు డాక్టర్లు 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలే రాస్తారు. చదవడం రాక దాన్ని నెలల తరబడి రోజుకొకటి తాగితే, అది కొవ్వులో నిలవుండి, రక్తంలో కాల్షియం పెరిగి, వాంతులు, మలబద్ధకం వచ్చి చివరికి మూత్రపిండాలు పాడవుతాయి. "రోజుకా, వారానికా" అన్న ఒక్క మాటలో అంత తేడా ఉంది.

సికిల్ సెల్ ఉన్నవాళ్ళు

మన గిరిజనుల్లో సికిల్ సెల్ ఎక్కువగా కనిపిస్తుంది. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల్లోని గిరిజనుల్లో గుర్తించారు. 2023 జులై 1న దీని నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలైంది. అప్పట్నుంచి ఏజెన్సీల్లో పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు.

ఈ జబ్బులో ఎర్రకణాలు కొడవలిలాగా వంగిపోతాయి. మామూలు కణం 120 రోజులు బతుకుతుంది, కొడవలి కణం 10 నుంచి 20 రోజులే. అందుకని వాళ్ళకూ రక్తం తక్కువే ఉంటుంది. కాని అది ఇనుము లేక కాదు. కణం పగిలినా అందులో ఇనుము ఒంట్లోనే ఉంటుంది. పైగా మాటిమాటికీ రక్తం ఎక్కిస్తే ఒక్కో సీసాతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము లోపలికి వస్తుంది. అది ఏళ్ళ తరబడి కాలేయంలో, గుండెలో పేరుకుని వాటిని పాడుచేస్తుంది. కాబట్టి సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళు, తలసీమియా ఉన్నవాళ్ళు ఇనుము బిళ్ళ డాక్టరు చెబితేనే వేసుకోవాలి. ఫోలిక్ ఆమ్లం వాళ్ళకు విడిగా ఇస్తారు. కేవలం వాహకులు, అంటే జబ్బు లేకుండా ఒక్క జన్యువు మాత్రమే ఉన్నవాళ్ళు, అందరిలాగే వేసుకోవచ్చు.

కార్డు ఉన్న పిల్లను దూరం పెట్టకండి. అది అంటుకునేది కాదు. అమ్మానాన్నల నుంచి వచ్చేది. అందులో ఆ పిల్ల తప్పు ఏముంది?

ప్రశ్నలు - జవాబులు

వాంతి వస్తే? ఖాళీ కడుపుతో వేసుకోవద్దు. అన్నం తిన్నాక గ్లాసు నీళ్ళతో మింగాలి.

విరేచనం నల్లగా వస్తుంది, భయమా? ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము అలా పోతుంది. భయం లేదు. మనిషి నల్లబడటం ఉండదు.

పిల్లలు పుట్టరా? అబద్ధం. రక్తం ఉన్న తల్లికే కాన్పు క్షేమం.

టీతో వేసుకోవచ్చా? వద్దు. టీ ఇనుమును పట్టనివ్వదు. గంట ఎడం ఉండాలి. ఉసిరికాయ, జామకాయ, నిమ్మకాయ తింటే బాగా పడుతుంది.

జ్వరం ఉంటే? తగ్గేదాకా ఆపాలి, మేడమ్‌కి చెప్పాలి.

ఒక వారం మర్చిపోతే? మర్నాడు ఒకటే వేసుకోవాలి. రెండు కలపకూడదు.

బిళ్ళ వేసుకుంటే తిండి ఎలా ఉన్నా పర్లేదా? కాదు. తోటకూర, మునగాకు, గుడ్డు, మాంసం, కార్జం తినాలి. మాంసంలో ఇనుము ఆకుకూరలో దానికన్నా తేలిగ్గా పడుతుంది. ఇనుప మూకుట్లో వండినా కొంత ఇనుము కూరలోకి వస్తుంది.

చివరగా మనవి

వార్డెన్ మేడమ్ గారికి మూడు మనవులు. బిళ్ళలు మధ్యాహ్నం అన్నం తిన్నాకే ఇప్పించండి, ప్రార్థన దగ్గర వద్దు. సికిల్ సెల్ కార్డు ఉన్నవాళ్ళ పేర్లు అందరి ముందు చదవకుండా మీ దగ్గరే విడిగా రాసి ఉంచండి. డబ్బా తాళం వేసిన బీరువాలో పెట్టండి.

స్నేహితులకు ఒక్కటే. వారానికి ఒక బిళ్ళ. తిన్నాక, నీళ్ళతో, అందరి ముందు. దాచొద్దు, పారెయ్యొద్దు, పోగుచెయ్యొద్దు. తర్వాతి రక్తపరీక్షకు మన తరగతి అంకెలు బోర్డు మీద, పేర్లు లేకుండా, రాసి చూద్దాం. 12 దాటినవాళ్ళు ఎంతమందో లెక్కపెడదాం.

ఇట్లు
మీ స్నేహితురాలు,
9వ తరగతి