దగ్గరితనానికి లెక్కలుంటాయా?

తన స్నేహితుడికి తనకంటే దగ్గరివాళ్లెవరో తెలుసుకోవాలన్న ఆరాటం మనిషికి కొత్తేమీ కాదు. పెళ్లి శుభలేఖ ముందుగా ఎవరింటికి వెళ్లింది, కొత్త ఇంటి ప్రతిష్ఠ ప్రార్థనకు ముందురోజు రాత్రే ఎవరిని రమ్మన్నారు, భోజనాల వేళ ఎవరిని పక్కన కూర్చోబెట్టుకున్నారు... ఈ లెక్కలన్నీ మన పెద్దలూ వేసుకున్నవే. కాకపోతే అవి మనసులోనే ఉండేవి. తప్పయినా ఒప్పయినా నాలుగు రోజులకు మరుగున పడేవి. ఇప్పుడు ఆ లెక్కను ఫోనే వేసి, గుర్తు పెట్టి మరీ చూపిస్తోంది. ఇంటర్మీడియట్ చదివే పిల్లలున్న ఇంట్లో 'ఎందుకలా ఉన్నావు?' అని అడిగితే 'హార్ట్ పోయింది' అన్న జవాబు రావచ్చు. ఏ గుండెజబ్బో అని కంగారు పడకండి, అది స్నాప్‌చాట్ భాష!

స్నాప్‌చాట్ 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇవాన్ స్పీగెల్, బాబీ మర్ఫీ, రెగ్గీ బ్రౌన్‌ల ఆలోచనలోంచి పుట్టింది. పంపిన ఫొటో అవతలివాళ్లు చూడగానే మాయమైపోవడం దాని ప్రత్యేకత. మన దేశంలో నెలకు 20 కోట్లమందికి పైగా దీన్ని వాడుతున్నారని 2023లో ఆ కంపెనీ ప్రకటించింది. ఫొటోలైతే మాయమవుతాయి గాని, ఎవరు ఎవరికి ఎన్ని పంపారన్న లెక్క మాయం కాదు. ఆ లెక్కతోనే ఒక్కొక్కరికి ఎనిమిదిమంది వరకూ 'బెస్ట్ ఫ్రెండ్స్' జాబితాను ఆ యాప్ తనంతట తానే తయారు చేస్తుంది. అది మనం మనసుతో ఎంచుకున్న జాబితా కాదు, మన వేళ్ల కదలికలు చూసి యంత్రం ఎంచిన జాబితా.

మొదట్లో ఆ జాబితా బట్టబయలుగానే ఉండేది. స్నేహితుల్లో ఎవరి పేరు మీద నొక్కినా వారికి అత్యంత సన్నిహితులెవరో కనిపించేది. అంతకుముందు, 2003లో మొదలైన మైస్పేస్‌లో కూడా 'టాప్ 8' అనే వరుస ఉండేది. అక్కడ ఆ ఎనిమిదిమందిని ఎవరికివారే ఎంచుకోవాలి గనుక ఒకరిని తీసి మరొకరిని పెడితే నిష్ఠూరాలు తప్పేవి కావు. స్నాప్‌చాట్ 2015 జనవరిలో ఆ బహిరంగ జాబితాను తీసేసి, ఏప్రిల్‌లో దాని స్థానంలో ఎమోజీలు తెచ్చింది. గొడవ సద్దుమణగాల్సింది. కాని అప్పటిదాకా చదువుకునే జాబితాగా ఉన్నది ఇప్పుడు విప్పుకోవాల్సిన పొడుపుకథ అయింది!

ఆ పొడుపుకథ ఇలా ఉంటుంది. మీ స్నేహితురాలి పేరు పక్కన పసుపు హార్ట్ ఉంటే మీరిద్దరూ ఒకరికొకరు మొదటి స్నేహితులన్నమాట. అది రెండు వారాలు నిలిస్తే ఎర్రబారుతుంది, రెండు నెలలు నిలిస్తే గులాబీ రంగు జంట హార్టులవుతుంది. నవ్వు ముఖం ఉంటే సన్నిహితుల్లో ఒకరేగాని మొదటివారు కాదని. నల్లకళ్లద్దాల ముఖమైతే మీ సన్నిహితుల్లో ఒకరు వారికీ సన్నిహితులని. పళ్లు బిగించిన ముఖమైతే మీకు మొదటి స్నేహితుడైనవాడే వారికీ మొదటి స్నేహితుడని. ఈ చివరి రెండు గుర్తుల దగ్గరే చిక్కంతా. ఎందుకంటే మిగిలినవి మన సంగతి చెబుతాయి, ఇవి పక్కవారి జాబితాలోకి తలుపు ఓరగా తెరుస్తాయి. ఆ సందులోంచి తొంగి చూడటం మొదలైతే ఇక ఆగేది కాదు. స్నేహితుడి 'స్కోరు' గంటగంటకూ చూసి, 'నాకేమీ పంపలేదు, మరి ఇది ఎలా పెరిగింది?' అని అడిగేవారున్నారు. 2017లో వచ్చిన స్నాప్ మ్యాప్‌లో ఎవరి బొమ్మ ఎవరి బొమ్మ పక్కన నిలబడిందో చూసి రాత్రంతా నిద్రపోనివారున్నారు.

అంతటితో ఆగకుండా, ఎదుటివారి బెస్ట్ ఫ్రెండ్స్‌ను మొత్తం చూపిస్తామని ఊరించే యాప్‌ల వెంట కొందరు పడుతున్నారు. ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి. ఎవరి బెస్ట్ ఫ్రెండ్స్ జాబితా వారికే కనిపించేలా కంపెనీయే కట్టడి చేసింది. అలాంటప్పుడు దాన్ని చూపిస్తామంటూ మీ పాస్‌వర్డ్ అడిగేవారికి కావలసింది మీ స్నేహితుడి రహస్యం కాదు, మీ పాస్‌వర్డే! ఇచ్చి మోసపోయినవారు మొహమాటపడకుండా వెంటనే పాస్‌వర్డ్ మార్చుకోవాలి, డబ్బు కూడా పోతే 1930కి ఫోన్ చేయాలి. పిల్లలు ఈ విషయం ఇంట్లో చెప్పరు. చెబితే 'ఎవరి జాబితా చూడాలనుకున్నావు?' అన్న ప్రశ్న ముందు వస్తుంది గదా!

ఈ ఆరాటాన్ని అమ్మకానికి పెట్టడం కూడా జరిగింది. 2022 జూన్‌లో స్నాప్‌చాట్ ప్లస్ అనే చందా పథకం వచ్చింది. మన దేశంలో అదే ఏడాది ఆగస్టులో నెలకు 49 రూపాయలకు మొదలైంది. ఆ చందాదారులకు ఇచ్చిన సదుపాయాల్లో సౌరకుటుంబం ఒకటి. మీ స్నేహితుడు సూర్యుడు, మీరు అతని చుట్టూ తిరిగే గ్రహం. బుధుడైతే అందరికంటే దగ్గర, శుక్రుడైతే రెండో స్థానం, అలా చివర నెప్ట్యూన్ దాకా. ప్రాణస్నేహితుడనుకున్నవాడి చుట్టూ తాను శనిగ్రహమై తిరుగుతున్నానని తెలుసుకున్న తెలుగు కుర్రాడి బాధ అమెరికావాళ్లకు సగమే అర్థమవుతుంది! నవ్వులాటకు అంటున్నాం గాని ఇది నవ్వుకునే సంగతి కాదు. ఈ వరుస వల్ల పిల్లలు పడుతున్న క్షోభను గురించి 2024 మార్చి చివర్లో అమెరికా పత్రిక వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. ఏప్రిల్‌లో కంపెనీ ఆ సదుపాయాన్ని, కోరి తెరుచుకుంటే తప్ప కనిపించకుండా మార్చింది. పూర్తిగా మాత్రం తీసేయలేదు. స్నేహితుల్లో దూరమైనట్టు అనిపించడం ఎవరికీ ఇష్టం లేదు, అయినా ఆ దూరం ఎంతో చూడాలని అందరికీ ఉంటుంది. కంపెనీలు ఈ రెండో సంగతిని బాగా పట్టుకున్నాయి.

యోసేపు కథ మనకు తెలిసిందే (ఆదికాండము 37). యాకోబుకు యోసేపంటే మిక్కిలి ప్రేమ. పదిమంది అన్నలకు ఆ విషయం ముందునుంచీ తెలియకుండా ఉంటుందా? ఒకే డేరాల మధ్య పెరిగినవారు గదా! అయితే తండ్రి ఆ ప్రేమను ఒక నిలువుటంగీగా కుట్టించి అతని ఒంటికి తొడిగాడు. లోపల ఉన్నది బయటికి వచ్చింది, పొలానికి వెళ్లినా మందల దగ్గరికి వెళ్లినా దూరం నుంచే కనబడసాగింది. అన్నలు అతణ్ని గోతిలో వేసేముందు మొట్టమొదట చేసిన పని ఆ అంగీని ఊడబెరకడం. యోసేపు కలలు కూడా కారణమే, కాదనలేం. కాని ఆ అంగీ లేకపోతే అంత దూరం వెళ్లేదా అని మనకు అనుమానం.

మాకు తెలిసిన ఒక సంఘంలో ఇద్దరు అమ్మాయిలున్నారు. ఏడో తరగతి నుంచీ ఒకే బెంచీ, సండేస్కూల్లోనూ పక్కపక్కనే, పెద్దయ్యాక క్వయర్‌లోనూ ఒకే మైకు దగ్గర. ఆ మధ్య క్రిస్మస్ ప్రాక్టీసు రోజుల్లో మొదటి అమ్మాయి ఫోన్‌లో స్నేహితురాలి పేరు పక్కనున్న జంట హార్టులు పోయాయి. అదే వారం, క్వయర్‌లోనే ఉన్న మూడో అమ్మాయి పేరు పక్కన పళ్లు బిగించిన ముఖం వచ్చింది. ఈ అమ్మాయి రెండింటినీ కలిపి లెక్కేసింది. తన మొదటి స్నేహితురాలే ఆ మూడో పిల్లకూ మొదటిది. తనతో హార్టులు పోయాయంటే, స్నేహితురాలికి మొదటి స్థానంలో ఇప్పుడు తాను లేదు. అంటే వాళ్లిద్దరూ ఒకటయ్యారు, తనకు చెప్పకుండా. లెక్క చూస్తే తప్పేమీ కనబడదు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. గొంతు బాగాలేదని చెప్పి ప్రాక్టీసు మానేసింది. క్రిస్మస్ రోజున వెనక వరుసలో తల్లి పక్కన కూర్చుంది.

అసలు జరిగిందేమిటంటే, ఆ మూడో అమ్మాయి తల్లికి పెద్ద ఆపరేషన్ అయింది. తండ్రి ఊళ్లో లేడు. రాత్రిళ్లు ఆ పిల్ల ఒక్కతే ఆస్పత్రి వరండాలో కూర్చునేది. సంఘంలో అందరికీ తెలిస్తే పరామర్శలతో తల్లిని అలవనివ్వరని, ఎవరికీ చెప్పొద్దని రెండో అమ్మాయి దగ్గర మాట తీసుకుంది. ఈ అమ్మాయి తెల్లవారేదాకా ఏదో ఒక ఫొటో పంపుతూ, ఏదో ఒకటి మాట్లాడుతూ ఆమెకు తోడుగా మేలుకొని ఉండేది. దీపం ఫొటో, పుస్తకం ఫొటో, నిద్రపోతున్న పిల్లి ఫొటో! యాప్‌కు కనిపించింది వాటి సంఖ్య మాత్రమే. ఆస్పత్రి కనిపించలేదు, ఇచ్చిన మాట కనిపించలేదు. మార్చిలో విషయం బయటపడ్డాక మొదటి అమ్మాయి చాలా ఏడ్చిందట. తిరిగి క్వయర్‌లోకి వచ్చింది గాని, ఇప్పటికీ ఆ ఇద్దరూ ఒకే మైకు దగ్గర నిలబడటం మేము చూడలేదు.

యంత్రం అబద్ధం చెప్పిందనలేం. ఎక్కువ ఎవరికి పంపావంటే సరైన జవాబే చెప్పింది. మనమే ఆ జవాబును వేరే ప్రశ్నకు అతికించుకుంటున్నాం. వరుసగా రోజూ ఒకరికొకరు స్నాప్ పంపుకుంటే మంట గుర్తుతో వచ్చే 'స్ట్రీక్' ఉంది చూడండి, దాని కోసం గోడను, సీలింగ్ ఫ్యానును, చీకటిని ఫొటో తీసి పంపేవారు బోలెడంతమంది. 24 గంటల్లోపు ఇద్దరూ పంపాలి, ఎవరు మరిచినా మంట ఆరిపోతుంది. పరీక్షలప్పుడు ఫోను తీసుకుంటారని తెలిసి, స్ట్రీకులు కాపాడమని పాస్‌వర్డును స్నేహితుడికి అప్పగించి వెళ్లే పిల్లలున్నారు. అప్పుడు ఆ మంటను వెలిగిస్తున్నది ఎవరు, ఎవరితో స్నేహంగా? అదే సమయంలో, ఒకే హాస్టల్ గదిలో ఉంటూ పొద్దున్నుంచి రాత్రిదాకా మాట్లాడుకునే ఇద్దరికి ఆ యాప్‌లో ఏ గుర్తూ ఉండకపోవచ్చు. వారికి ఫోన్‌తో పనేముంది?

పెద్దలమైన మనం పిల్లల్ని చూసి తల పంకించనక్కర్లేదు. వాట్సాప్‌లో రెండు నీలం టిక్కులు పడినా జవాబివ్వలేదని మూతి ముడుచుకునేది మనమే. కుటుంబం గ్రూపులో బావగారి పుట్టినరోజుకు వదిన ముందు శుభాకాంక్షలు చెప్పిందా, ఆడపడుచు ముందు చెప్పిందా అని చూసేదీ మనమే. సంఘాల్లోనూ పాస్టర్ గారు ఎవరి మెసేజికి బొటనవేలు గుర్తు పెట్టారు, ఎవరి మెసేజిని వదిలేశారు అని లెక్క చూసేవారు లేకపోలేదు.

యేసుక్రీస్తు చుట్టూ ఉన్న పన్నెండుమందిలోనూ ఈ ఆరాటం ఉంది. పేతురు, యాకోబు, యోహానులను ముగ్గురినే ఆయన కొన్నిసార్లు వెంట తీసుకెళ్లాడు. యాయీరు ఇంట్లోకి, రూపాంతరపు కొండ మీదికి, గెత్సేమనే తోటలో ఇంకాస్త లోపలికి. మిగతా తొమ్మిదిమంది దాన్ని గమనించకుండా ఉండి ఉంటారా? ఇక జెబెదయి కుమారుల తల్లి తన ఇద్దరికీ కుడి ఎడమల చోటు కావాలని అడిగినప్పుడు మిగిలిన పదిమందికీ కోపం వచ్చిందని మత్తయి రాశాడు (20:24). ఆ కోపం అడిగినందుకా, తమకంటే ముందు అడిగినందుకా?

విచిత్రమేమిటంటే యోహాను సువార్తలో యేసు ప్రేమించిన శిష్యుడు అంటూ పలుచోట్ల కనిపించే వ్యక్తికి ఆ పుస్తకంలో ఎక్కడా పేరు లేదు. అతడు యోహానే అని సంఘ సంప్రదాయం చెబుతూ వచ్చింది. పండితులు ఇప్పటికీ తర్జనభర్జనలు పడుతూనే ఉన్నారు. అందరికంటే దగ్గరివాడెవరన్న ఆరా రెండువేల ఏళ్లుగా సాగుతోందన్నమాట! పేతురు కూడా ఆ ఆరా తీసినవాడే. తిబెరియ సముద్ర తీరాన ప్రభువు తనను గురించి చెబుతుండగా, వెనక్కి తిరిగి ఆ శిష్యుణ్ని చూసి, మరి ఇతని సంగతేమిటని అడిగాడు (యోహాను 21:21). ప్రభువు ఆ సంగతి విప్పలేదు. అతని విషయం నీకెందుకన్నట్టు చెప్పి, పేతురును తన వెంట రమ్మన్నాడు.

అంతకు కొద్దిరోజుల ముందు సిలువ దగ్గర ఆ పేరులేని శిష్యుడికి దగ్గరివాడైనందుకు దక్కింది కుడివైపు సింహాసనం కాదు. కళ్లముందే కొడుకును పోగొట్టుకుంటున్న ఒక తల్లి బాధ్యత దక్కింది. అప్పటినుంచి ఆమెను అతడు తన ఇంట్లోనే ఉంచుకున్నాడు (యోహాను 19:27).