పక్షవాత చికిత్సలో ఆస్పిరిన్ - రక్తపు గడ్డ కరుగుదల

మెదడు ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడటం వలన వచ్చే పక్షవాతానికి (స్ట్రోక్) రెండు రకాల మందులు వాడతారు. ఆల్టెప్లేస్ వంటివి గడ్డను కరిగిస్తాయి. ఆస్పిరిన్ గడ్డను కరిగించదు. అది పెరగకుండా, మళ్ళీ ఏర్పడకుండా అడ్డుకుంటుంది.

పనిచేసే విధానం

రక్తపు గడ్డలో రక్తఫలకికలు (ప్లేట్‌లెట్లు), ఎర్ర రక్తకణాలు, వాటిని వలవలె బంధించే ఫైబ్రిన్ పోగులు ఉంటాయి. ఆల్టెప్లేస్ రక్తంలోని ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మారుస్తుంది. ప్లాస్మిన్ ఫైబ్రిన్ పోగులను తెంచుతుంది. ఆస్పిరిన్ ఫలకికలలోని సైక్లోఆక్సిజనేజ్ అనే ఎంజైమును పనిచేయనీయదు. అందువలన ఫలకికలు గుమిగూడటానికి తోడ్పడే థ్రాంబాక్సేన్ తయారు కాదు. ఫలకికలకు కేంద్రకం లేదు కనుక అవి కొత్త ఎంజైమును తయారుచేసుకోలేవు. ఈ ప్రభావం వాటి జీవితకాలమంతా, అనగా 7 నుండి 10 రోజులు ఉంటుంది.

రెండు మందులూ కలిపినప్పుడు

తెరుచుకున్న ధమని తిరిగి మూసుకుపోకుండా ఆస్పిరిన్ తోడ్పడుతుందేమోనని నెదర్లాండ్స్‌లో ఆర్టిస్ అనే పరిశోధన జరిగింది. ఆల్టెప్లేస్ మొదలైన 90 నిమిషాలలోపు కొందరు రోగులకు 300 మి.గ్రా. ఆస్పిరిన్‌ను సిర ద్వారా ఇచ్చారు. 2012లో వెలువడిన ఫలితాలలో అదనపు మేలు కనిపించలేదు. లక్షణాలతో కూడిన మెదడు రక్తస్రావం ఆల్టెప్లేస్ మాత్రమే పొందినవారిలో 1.6 శాతం, ఆస్పిరిన్ కూడా పొందినవారిలో 4.3 శాతం ఉంది. దీంతో పరిశోధనను ముందుగానే నిలిపివేసారు.

చికిత్సలో వాడుక

ఆల్టెప్లేస్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటలలోపు ఇస్తారు. అంతకుముందు నుండి ఆస్పిరిన్ వాడుతుండటం దీనికి అడ్డు కాదు. ఆల్టెప్లేస్ పొందినవారికి సాధారణంగా 24 గంటల తరువాత, స్కానింగులో రక్తస్రావం లేదని తెలిసాక ఆస్పిరిన్ మొదలుపెడతారు. పొందనివారికి 48 గంటలలోపు ఇస్తారు.

రక్తనాళం చిట్లినా పక్షవాతం వస్తుంది. బయటి లక్షణాలను బట్టి ఈ రెండు రకాలను కచ్చితంగా వేరుచేయలేము. కావున స్కానింగుకు ముందు ఇంటివద్ద ఆస్పిరిన్ ఇవ్వక, రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.