స్పార్క్ ముందే ఎందుకు పడాలి?

పాత పెట్రోలు అంబాసిడర్ బానెట్ ఎత్తితే, డిస్ట్రిబ్యూటర్ పక్కన గుండ్రటి రేకు డబ్బా, దాన్నుంచి కార్బురేటర్ వైపు వెళ్లే సన్నటి గొట్టం కనిపిస్తాయి. ఎందుకవి?

సిలిండర్‌లో మంట పాకడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ పడాలి. యాక్సిలరేటర్ కొద్దిగానే తొక్కి నింపాదిగా వెళ్తున్నప్పుడు లోపలికి చేరే గాలి, పెట్రోలు తక్కువ. అవి నెమ్మదిగా మండుతాయి కాబట్టి స్పార్క్ ఇంకా ముందు కావాలి. సరిగ్గా అప్పుడే ఇంజిన్ పీల్పు బలంగా ఉంటుంది! ఆ పీల్పే గొట్టం గుండా డబ్బాలోని రబ్బరు పొరను లాగుతుంది. పొరకున్న కడ్డీ, డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్క్‌ను పుట్టించే పాయింట్లు బిగించిన పళ్లేన్ని కొన్ని డిగ్రీలు తిప్పుతుంది; దాంతో స్పార్క్ ముందే పడుతుంది. ఎంత చక్కటి ఆలోచన!

పెడల్ పూర్తిగా తొక్కితే పీల్పు పడిపోతుంది, స్ప్రింగు పళ్లేన్ని వెనక్కి తెస్తుంది. లేకుంటే ఇంజిన్ టకటకా కొట్టుకుంటుంది.

పొర బాగుందా? ఇంజిన్ ఆపి, గొట్టం చివర నోటితో పీల్చి చూడొచ్చు: పళ్లెం కదలాలి.