ఫీజు కన్నా వరస ముఖ్యం

ఎర్రగుంట్లలో నాది చిన్న ఆన్‌లైన్ సెంటర్. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక బీరువా నిండా జనం ఫైళ్లు. నాపరాయి పాలిష్ మిషన్ పెడతామని కొందరు, మెస్ తెరుస్తామని కొందరు, పచ్చళ్లు పెట్టి అమ్ముతామని ఆడవాళ్లు వస్తుంటారు. అందరూ ముందు అడిగేది ఒకటే: "అన్నా, లైసెన్సుకు ఎంతైతుంది?"

ఎంతైతుందో తర్వాత చెబుతాను, ముందు ఏ కాగితం తీసుకోవాలో తెలుసుకోండి అంటాను. ఎందుకంటే లైసెన్సు ఒక్కటి కాదు.

చిన్న పరిశ్రమలను కేంద్రం నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జూలై 1న మొదలైంది. ఆధార్, పాన్ ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు. యంత్రాల మీద పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవరు 10 కోట్లు దాటకపోతే 2025 ఏప్రిల్ నుంచి సూక్ష్మ పరిశ్రమ కిందే లెక్క. కానీ అది గుర్తింపు మాత్రమే, అనుమతి కాదు. ఆ సర్టిఫికెట్ గోడకు తగిలించి, ఇక అన్నీ అయిపోయాయనుకునేవాళ్లు చాలామంది.

పచ్చళ్లవాళ్లకు దారి సులువు. ఏటా 12 లక్షల లోపు అమ్మకాలుంటే ఏడాదికి 100 రూపాయల ఫుడ్ రిజిస్ట్రేషన్‌తో 2011 నాటి నిబంధనలు సరిపెట్టాయి.

రాతి పని అట్లా కాదు. ఎర్రగుంట్ల, బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు పాలిష్ ఫ్యాక్టరీలు చూసినవాళ్లకు తెలుసు: రాయి కోస్తే నీళ్లు కావాలి, ఆ నీళ్లు తెల్లటి బురదై బయటికొస్తాయి. అసలే నీటి కరువు సీమ. ఆ బురద పక్కవాడి చేలోకి పోతే ఆ నేల పాడవుతుంది. అందుకే 1974 నాటి నీటి చట్టం, 1981 నాటి గాలి చట్టం కింద పొల్యూషన్ బోర్డు నుంచి షెడ్డు కట్టకముందు ఒక అనుమతి, మిషన్ తిప్పకముందు ఇంకొకటి తీసుకోవాలి. ఇది ఊరికే పెట్టిన అడ్డంకి అని నేననను.

చిక్కంతా వరస తప్పడంలో ఉంది. మనవాళ్లు ముందు అప్పు తెచ్చి మిషన్ కొంటారు, తర్వాత కాగితాలకు వస్తారు. మిషన్ పట్ట కింద పడి ఉంటుంది, వడ్డీ మాత్రం ఆగదు. వాళ్లను ముంచేది సర్కారు ఫీజు కాదు, ఆ ఖాళీ నెలలు.

జీఎస్టీలోనూ ఇట్లాంటి మడత ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ బెంగళూరుకో చెన్నైకో ఒక్క లారీ బండలు అమ్మినా తప్పదు. 2014 తర్వాత హైదరాబాదు కూడా పరరాష్ట్రమే.

లైసెన్సులు ఎప్పుడో పోయాయి కదా అంటారు కొందరు. నిజమే, 1991 జూలైలో ఢిల్లీ చాలా పరిశ్రమలకు లైసెన్సు ఎత్తేసింది. ఆ లైసెన్సు పెద్ద ఫ్యాక్టరీలకు తగిలించిన సంకెల, వాళ్లకే తెగింది. చిన్నవాడికి కావలసిన కాగితాలు మాత్రం మున్సిపాలిటీలో, కరెంటు ఆఫీసులో, గనుల శాఖలో ఉన్నాయి. మన రాష్ట్రం 2002లో సింగిల్ విండో చట్టం, 2015లో 21 పనిదినాల గడువుతో సింగిల్ డెస్క్ తెచ్చింది. సులభ వాణిజ్య ర్యాంకుల్లో 2016లో తెలంగాణతో కలిసి, ఆ తర్వాత ఒంటరిగా మొదటి స్థానంలో నిలిచింది. మంచిదే. కానీ ఆ గడువు లెక్క దరఖాస్తు జతచేయాల్సిన కాగితాలన్నిటితో చేరాకే మొదలవుతుంది. ఆ కాగితాలు కూర్చడమే చిన్నవాడికి అసలు పని. సిమెంటు కంపెనీకి ఫైళ్లు చూసే మనుషులు వేరే ఉంటారు. మిషన్ పెట్టేవాడు తనే ఓనరు, తనే కూలీ, తనే గుమాస్తా. ఆఫీసుకు వెళ్లిన రోజు అతనికి పని పోయినట్టే.

ప్రభుత్వం చేయాల్సింది పెద్దదేం కాదు. ఏ వ్యాపారానికి ఏ కాగితం ముందు, ఏది తర్వాత అన్నది తెలుగులో ఒక్క పేజీ రాసి ప్రతి ఊరి సచివాలయం గోడకు అంటించాలి.

అంతవరకు మీరు చేయగలిగిందొకటి ఉంది. మిషన్‌కు అడ్వాన్సు ఇవ్వకముందే మీ జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి, మీ పనికి కావలసిన అనుమతుల పట్టీ వరసగా రాయించుకోండి. ఉద్యమ్‌కు డబ్బులడిగే వాళ్లకు, నాలాంటి సెంటరైనా సరే, ఒక్క రూపాయి ఇవ్వకండి.