కమకురా కొండదారులు

జపాను రాజధానియగు టోక్యోకు దక్షిణమున సుమారు 50 కిలోమీటర్ల దూరమున కమకురా యను చిన్న పట్టణము కలదు. దానికి మూడు దిక్కుల చెట్లు దట్టముగా పెరిగిన కొండలు. నాల్గవ దిక్కున సముద్రము. ఆ కొండలు ఎత్తైనవి కావు, గుట్టలనుటయే తగును. కాని వాని అంచులు నిటారుగా నుండుటచే ఎక్కుట కష్టము. 12వ శతాబ్దాంతమున మినమోటో యోరిటోమో యను వీరుడు ఈ స్థలమును తన నివాసముగా నెంచుకొనుటకు ఇది యొక ముఖ్యకారణము. 1192లో చక్రవర్తి యాతనికి షోగున్, అనగా మహాసేనాని, యను పదవి నొసగెను. చక్రవర్తి క్యోటో నగరముననే యుండెను. 1333 వరకు దేశమున అధికారము మాత్రము కమకురాలోనే యుండెను.

శత్రువు లోనికి రావలెనన్న కొండలను నిలువున నరికి చేసిన ఏడు దారులే గతి. ఇరువైపుల రాతి గోడలు. నడుమ నిరుకు బాట. కొద్దిమంది విలుకాండ్రు పైన నిలిచిన పెద్దదండు నైనను ఆపగలరు. వానిలో కొన్నింట నేడును పాచిపట్టిన రాళ్ల నడుమ నడువవచ్చును.

ఈ పట్టణమును చూచుటకు కాలినడకయే మేలు. ఉత్తరపు అంచున రైలు దిగినవారికి చెంతనే ఎంగకుజీ యను బౌద్ధాలయము కనబడును. 1274లోను, 1281లోను మంగోలులు జపానుపై దండెత్తిరి. వారి నెదిర్చి నిలిచిన హోజో టోకిమునే 1282లో దీనిని కట్టించెను. చీనా నుండి వచ్చిన ముగకు సోగెన్ అను భిక్షువు దీనికి తొలి గురువు. యుద్ధమున మడిసిన తనవారి కొఱకు మాత్రమే గాక, శత్రువుల ఆత్మశాంతి కొఱకు కూడ టోకిమునే దీనిని నిర్మింపజేయుట విశేషము. గెలిచినవారు కట్టించిన కట్టడములలో ఇట్టివి అరుదు.

అచ్చటికి సమీపమున జోచిజీ ఆలయము ప్రక్కనుండి అడవిబాట కొండపై కెక్కును. వేళ్లు బయటపడిన చెట్ల మీదుగా సాగి, ఏడు దారులలో నొకటియగు కెవాయిజాకాను సమీపించును. దాని చెంతనే, సొరంగము గుండా పోయి చేరదగిన బెంటెన్ గుడి కలదు. భక్తులు నాణెములను వెదురుబుట్టలో నుంచి అచ్చటి ఊటనీట కడుగుదురు. అవి రెట్టింపగునని నమ్మిక. ఈ బెంటెన్ మఱెవరో కాదు, బౌద్ధమతముతో చీనా మీదుగా జపాను చేరిన మన సరస్వతీదేవియే! చదువులతల్లికి ధనమిచ్చు పని కూడ అచ్చట అబ్బినది.

బాట చివర మహాబుద్ధ విగ్రహము. 1252లో పోతపోయ నారంభించిన యీ కంచు విగ్రహము 11 మీటర్లకు పైగా ఎత్తు, సుమారు 121 టన్నుల బరువు కలది. పైనుండిన మందిరము నాశనము కాగా, ఐదు శతాబ్దములకు పైగా అది ఆకాశము క్రిందనే కూర్చుండియున్నది. లోపల బోలుగా నుండుటచే చూపరులు అందు ప్రవేశింపవచ్చును.

అచ్చటినుండి సముద్రతీరమున పడమరగా నడచిన ఇనమురగసాకి యను కొండకొమ్ము అడ్డువచ్చును. 1333లో నిట్టా యోషిసాడా యను సేనాని కొండదారులను ఛేదింపలేక ఇచ్చటికి వచ్చెను. ఆతడు తన ఖడ్గమును సముద్రదేవత కర్పింపగా నీరు వెనుకకు తగ్గినదని కథ. పోటు తగ్గిన వేళ నెఱిగి నడచియుండవచ్చును. ఎట్లైనను సేన ఇసుక మీదుగా పట్టణమున జొచ్చెను. హోజో వంశమువారు, వారి పరిజనులు వందలకొలది ఒక ఆలయమున ప్రాణములు తీసికొనిరి. మూడు దిక్కుల కాచిన కొండలు నాల్గవ దిక్కును కాపాడలేకపోయినవి.

ఆఱువందల యేండ్లకు పైగా గడచిన పిదప ఆపద కొండలకే వచ్చెను. టోక్యో పెరుగుచుండగా, 1964లో హచిమాన్ దేవాలయము వెనుకనున్న కొండను చదును చేసి యిండ్లు కట్టుటకు కొందఱు పూనుకొనిరి. కమకురాలో నివసించిన నవలా రచయిత ఒసరాగి జిరోతో గూడి ఊరివారు అడ్డుపడిరి. చందాలు పోగుచేసి, పురపాలక సంఘపు తోడ్పాటుతో 1966లో అందు ఒకటిన్నర హెక్టారుల నేలను కొనిరి. ఆ యేడే జపాను ప్రభుత్వము ప్రాచీన రాజధానుల రక్షణకై ప్రత్యేక శాసనము చేసెను. క్యోటో, నారా నగరములతోబాటు కమకురా కూడ అందు చేరినది. హచిమాన్ దేవాలయము వెనుక నేటికిని చెట్లే యున్నవి.